కాటా ఎటు ఎక్కాలో తెలియని డ్రైవరు



ఈ ప్రసంగాన్ని లారీ క్యాబిన్‌లో కూర్చుని వింటున్నవాళ్లు కొందరైనా ఉంటారని నా ఆశ. తుని దాటి అనకాపల్లి వైపు వస్తున్నారో, శ్రీకాకుళం దాటి ఇచ్ఛాపురం వైపు పోతున్నారో. మీ వెనక ట్యాంకులో ఏముందో నాకు తెలియదు. పెట్రోలు కావచ్చు, గ్యాస్ కావచ్చు, యాసిడ్, అమ్మోనియా, క్లోరిన్ ఏదైనా కావచ్చు. మీకు మాత్రం తెలిసి తీరాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా విశాఖ పారిశ్రామిక వాడలో, ఒక రసాయనాల కర్మాగారం డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సరుకు గేటు దాటేదాకా నా పూచీ, దాటాక డ్రైవరు పూచీ అనుకునేవాణ్ణి. ఒక రాత్రి షిఫ్టులో ఆ లెక్క తప్పింది.

రాత్రి పదకొండు దాటింది. సల్ఫ్యూరిక్ యాసిడ్ లోడు కోసం ఒక ట్యాంకరు వచ్చింది. కొనుగోలుదారు ఇచ్చిన ఉత్తరం ఉంది. ఆర్డరు నంబరు సరిపోయింది. బండి నంబరు మా జాబితాలో ఉన్నదే. నేను సంతకం పెట్టేశాను. అంతలో లారీలు తూచే కాటా దగ్గరుండే వాచ్‌మన్ వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. "బాబుగారూ, ఈ డ్రైవరుకి కాటా ఎటునుంచి ఎక్కాలో తెలీట్లేదండి. ఎనక్కీ ముందుకీ తిప్పుతున్నాడు. ఈ బండి నెలకి నాలుగుసార్లు వస్తాది కదండీ" అన్నాడు. "కొత్త డ్రైవరై ఉంటాడులే, నీ పని చూసుకో" అని కసిరాను. అతను కదల్లేదు. "క్లీనరు కూడా లేడండి" అన్నాడు. కాసేపాగి, "తలుపు మీద అమ్మోరి బొమ్మ ఉండేదండి ఈ బండికి. ఇప్పుడు లేదు" అన్నాడు.

ఆ అమ్మవారి బొమ్మ మాటతో నాకు చెమట పట్టింది. కొనుగోలుదారు ఇంటికి ఫోన్ చేసి నిద్రలేపాను. ఆ నంబరు బండి రెండు రోజులుగా రాజమండ్రిలో షెడ్డులో పడి ఉందన్నాడు. మేం కాటా దగ్గరికి పరిగెత్తేసరికి, టీ తాగొస్తానని చెప్పి వెళ్లిన డ్రైవరు మళ్లీ రాలేదు. నంబరు ప్లేటు మీద రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. తర్వాత తేలిందేమిటంటే, ఎవరో ఆ యాసిడ్‌ని సగం ధరకు అమ్ముకుందామనుకున్నారు. అంతే. పెద్ద కుట్ర ఏమీ కాదు. కానీ ఆ రాత్రి ట్యాంకరు నిండా యాసిడ్, ఎవరో తెలియని మనిషి చేతుల్లో, నా సంతకంతో గేటు దాటి ఉండేది. నా బల్ల మీది కాగితాల్లో తప్పు లేదు. తప్పు కాటా దగ్గర ఉంది. అది నెలకి నాలుగుసార్లు ఆ బండిని చూసే మనిషికే కనిపించింది.

మన భాషలో ఒక చిక్కుంది. సేఫ్టీకీ, సెక్యూరిటీకీ కూడా మనం భద్రత అనే అంటాం. అందుకని రెండూ ఒకటేననుకుంటాం. మా ఫ్యాక్టరీలో సేఫ్టీ అంటే గోడల మీద బోర్డులు, హెల్మెట్లు, ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం, ఆ రోజు పంచే లడ్డూలు. సెక్యూరిటీ అంటే గేటు దగ్గర ఖాకీ బట్టల మనిషి. అసలు తేడా వాల్వు దగ్గర తెలుస్తుంది. వాల్వు కారకుండా చూడటం సేఫ్టీ. ఆ వాల్వు మీద పరాయి చెయ్యి పడకుండా చూడటం సెక్యూరిటీ. మొదటిదానికి శత్రువు తుప్పు, వేడి, నిర్లక్ష్యం. రెండోదానికి శత్రువు మనిషి. తుప్పు మన కళ్లు గప్పాలని చూడదు. మనిషి చూస్తాడు.

మెక్సికోలో జరిగిన ఒక సంగతి చెబుతాను. 2013 డిసెంబరు 2. టిహువానా ఊళ్లోని ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ వైద్యానికి వాడి పక్కన పెట్టిన రేడియోధార్మిక కోబాల్ట్-60ని ఒక లారీలో వ్యర్థాలు భద్రపరిచే కేంద్రానికి తీసుకుపోతున్నారు. మెక్సికో నగరానికి దగ్గర్లో, తెపోహాకో అనే చోట పెట్రోలు బంకు దగ్గర డ్రైవరు బండి ఆపి నిద్రపోయాడు. తుపాకులు పట్టుకున్న ఇద్దరు మనుషులు లేపారు. కట్టేశారు. బండి తోలుకుపోయారు. వాళ్లకు కావలసింది లారీ. లోపల ఏముందో వాళ్లకు తెలిసినట్టు లేదు. పెద్ద ఎత్తున గాలింపు మొదలైంది, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ హెచ్చరిక ఇచ్చింది. రెండు రోజులకు వేపోష్ట్లా దగ్గర ఒక పొలంలో ఆ కోబాల్ట్ దొరికింది. సీసపు కవచంలోంచి దాన్ని బయటికి తీసేసి ఉన్నారు. దాని ముందు కాసేపు నిలబడితే చాలు, ప్రాణం మీదికి వస్తుంది.

ఈ కథ ఎవరికి చెప్పినా వెంటనే, "డ్రైవరు అక్కడెందుకు ఆపాడు?" అంటారు. నేనూ అన్నాను. కానీ నిద్ర వచ్చిన మనిషి ఎక్కడో ఒకచోట ఆపాలి కదా! మన దగ్గరైతే ఏమవుతుంది? ఫ్యాక్టరీ గేటు బయట రెండు రోజులు లోడు కోసం వరసలో నిలబెడతాం. లోపల నిలపడానికి చోటివ్వం. స్నానానికి నీళ్లుండవు, మరుగుదొడ్డి ఉండదు. లోడు ఎత్తాక మాత్రం రేపు తెల్లారేసరికి విజయవాడలో ఉండాలంటాం. ఆ మనిషి డాబా ముందు బండి ఆపి, నులకమంచం మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోతే, అతని జాగ్రత్త చాలలేదని క్లాసు పీకుతాం. భద్రత గురించి డ్రైవరుకి ఎన్ని పాఠాలు చెప్పినా, బండి ఆపడానికి గోడా, దీపమూ ఉన్న చోటు చూపించకపోతే ఆ పాఠాలు దండగ. ఇది యజమానులు వినాల్సిన మాట. వాళ్లు ఈ సమయంలో రేడియో పెట్టరని నాకు తెలుసు, అయినా అంటున్నాను.

ఇక మన విశాఖకు దగ్గరి సంగతి, అమ్మోనియం నైట్రేట్. తెల్లగా, పంచదార పలుకుల్లా ఉంటుంది. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే సరుకులో చాలా భాగం మన రేవులోనే దిగుతూ వచ్చింది. ఇక్కణ్ణించి లారీల్లో పేలుడు పదార్థాలు తయారుచేసేవాళ్ల దగ్గరికీ, అక్కణ్ణించి బొగ్గు గనులకీ, క్వారీలకీ వెళ్తుంది. అది లేకపోతే బొగ్గు లేదు, రోడ్డుకు కంకర లేదు. అదే పదార్థం 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా నగరంలో, రేసు కార్ల ఇంధనంతో కలిసి ఒక అద్దె ట్రక్కులో పేలి 168 మందిని చంపింది. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ల మీద పెట్టిన బాంబుల్లోనూ అదే ఉంది. మన ప్రభుత్వం 2011లో, బరువులో 45 శాతం దాటి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాన్ని పేలుడు పదార్థాల చట్టం కిందికి తెచ్చింది. 2012లో దానికి ప్రత్యేకంగా నియమాలు వచ్చాయి. లైసెన్సు లేకుండా కొనకూడదు, దాచకూడదు, తరలించకూడదు. బస్తా పోయినా, లెక్క తగ్గినా వెంటనే పోలీసులకూ, నాగపూర్ ప్రధాన కార్యాలయంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో వారికీ చెప్పాలి.

2020 ఆగస్టు 4న బేరూత్ రేవు పేలిపోయాక అందరికీ అమ్మోనియం నైట్రేట్ పేరు తెలిసింది. 2013లో ఒక ఓడలో వచ్చి ఆగిపోయిన 2,750 టన్నుల సరుకు పన్నెండో నంబరు గిడ్డంగిలో దాదాపు ఆరేళ్లు పడి ఉంది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. అయితే ఆ కథలో నన్ను వెంటాడేవి రెండు చిన్న విషయాలు. గిడ్డంగి తలుపు పాడైంది, గోడకు కన్నం ఉంది, సరుకు దొంగతనం కావచ్చని అధికారులు పైకి రాశారు. ఆ కన్నం మూయడానికి వెల్డింగువాళ్లను పంపారు. ఆ నిప్పురవ్వలే మంటకు మొదలని ఒక వాదన. అంటే దొంగ రాకుండా చేసిన పనే కొంప ముంచి ఉండొచ్చు. ఇక రెండోది. పేలుడు తీవ్రతను బట్టి ఆ రోజు పేలింది సుమారు 552 టన్నులేనని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ లెక్క కట్టింది. మిగతా రెండు వేల పైచిలుకు టన్నులు? కొంత పేలకుండా సముద్రంలోకి చెదిరిపోయి ఉండవచ్చు. కొంత అంతకు ముందే ఆ కన్నంలోంచి నడిచి వెళ్లి ఉండవచ్చు. ఆరేళ్లలో ఒక్కసారైనా బస్తాలు లెక్కపెట్టి ఉంటే ఇవాళ ఈ 'ఉండవచ్చు'లు ఉండేవి కావు.

బేరూత్ తర్వాత చెన్నై మనలిలో కూడా 2015లో పట్టుబడి అప్పటినుంచి పడి ఉన్న సుమారు 700 టన్నుల సరుకు, 37 కంటైనర్లు, ఉన్నట్టుండి అందరికీ గుర్తొచ్చాయి. ఆ ఆగస్టు నెలలోనే వాటిని మన హైదరాబాద్‌కు లారీల మీద తరలించడం మొదలుపెట్టారు. అయిదేళ్లు కదలనిది అయిదు రోజుల్లో కదిలింది. భయం ఎంత బాగా పనిచేస్తుందో చూడండి.

కాగితాల సంగతి అన్నాను కదా. 2010లో రాజస్థాన్‌లోని ధోల్‌పూర్ నుంచి మధ్యప్రదేశ్‌లోని సాగర్ జిల్లాకు వెళ్లవలసిన పేలుడు పదార్థాలు, పదుల కొద్దీ లారీల సరుకు, వందల టన్నులు, గమ్యం చేరలేదని బయటపడింది. దారి దోపిడీ జరగలేదు. ఎవరూ తుపాకి చూపలేదు. బిల్లులు రాశారు, లారీలు కదిలాయి. తీరా చూస్తే, కొన్నవాళ్ల లైసెన్సు గడువే తీరిపోయి ఉంది. నేను ఈ వార్త చదివిన రోజు మొత్తం ఆలోచించింది ఒక్కటే. ఆ లారీలు తోలిన డ్రైవర్లు అన్ని పదుల మంది ఉన్నారు కదా, లోడు దించినవాళ్లు ఉన్నారు కదా. ఎక్కడ దించుతున్నామో వాళ్లకు తెలుసు. కాగితం మీద ఉన్న ఊరు అది కాదనీ తెలిసే ఉంటుంది. ఒక్కరైనా ఎవరికైనా చెప్పారా? చెబితే కసిరి ఉంటారా, నేను కసిరినట్టు?

మన దేశంలో ప్రమాదకర సరుకు తోలే డ్రైవరుకు మూడు రోజుల శిక్షణ తప్పనిసరి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు అలా చెప్పాయి. అందులో డిఫెన్సివ్ డ్రైవింగ్ ఒక భాగం, అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ ఒక భాగం, సరుకు గురించిన జాగ్రత్తలు ఒక భాగం. మంచి పాఠాలే. కారితే ఏం చేయాలి, మంటొస్తే ఏం చేయాలి, సరుకు ప్రమాద వివరాలుండే ట్రెమ్ కార్డు క్యాబిన్‌లో ఎక్కడ పెట్టాలి అన్నీ ఉంటాయి. కానీ సరుకు మీద కన్నేసిన మనిషి గురించి విడిగా ఒక పాఠం లేదు. అమెరికాలో 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2003లో ఆ పాఠాన్ని చట్టంలో పెట్టారు. డ్రైవరుకు మాత్రమే కాదు, ప్యాకింగ్ చేసేవాళ్లు, లోడు ఎత్తేవాళ్లు, కాగితాలు రాసే గుమస్తాలు, ప్రమాదకర సరుకును తాకే ప్రతి ఉద్యోగికీ సెక్యూరిటీ అవగాహన శిక్షణ ఉండాలి. మూడేళ్లకోసారి మళ్లీ చెప్పాలి. గుమస్తాను కూడా కలిపారు చూశారా, అది నాకు నచ్చింది. నాబోటివాడి కోసమే రాసినట్టుంది.

అదే సమయంలో అక్కడ ఇంకో వాదన కూడా నడిచింది. ట్యాంకరు మీద బోర్డు ఉంటుంది కదా, యూఎన్ నంబరుతో. మన దగ్గరా అంతే. గ్యాస్ ట్యాంకరు మీద 1075, పెట్రోలు ట్యాంకరు మీద 1203, క్లోరిన్‌కు 1017, అమ్మోనియాకు 1005. రెండు పక్కలా, వెనకా కనిపించాలి. ఈ బోర్డు అగ్నిమాపక సిబ్బందికి ఎలా చెబుతుందో, చెడ్డవాడికీ అలాగే చెబుతుంది కదా, తీసేద్దాం అన్నారు కొందరు. అగ్నిమాపక సిబ్బంది ఒప్పుకోలేదు. మంట ముందు నిలబడ్డప్పుడు లోపల ఏముందో తెలియకపోతే ముందు చచ్చేది మేమే అన్నారు. బోర్డులు అలాగే ఉన్నాయి. నా ఓటూ వాళ్లకే. బోర్డు చదివి దాడి చేసేవాడు ఎప్పుడో ఒకడు. బోర్డు చూసి ప్రాణం దక్కించుకునేవాళ్లు ఎందరో. పైగా కొందరు డ్రైవర్లు టీ కొట్టు దగ్గర నోటితో చెప్పేదాని ముందు ఆ బోర్డు ఎంత? "ఏం లోడు బావా? ఎక్కడికి? రాత్రికి ఎక్కడ పడుకుంటావ్?" మూడు ప్రశ్నలకీ మూడు జవాబులు, ఒక సిగరెట్టు ఖర్చుతో వచ్చేస్తాయి.

ఇప్పుడు కాస్త చేదు మాట. డాబాల వెనక ట్యాంకర్లలోంచి పెట్రోలు, గ్యాస్ తీసే ముఠాలు పోలీసులకు చిక్కిన వార్తలు మీరూ చదివే ఉంటారు. సీలు తెగకుండా తాళం తీసే నేర్పరులున్నారు. పది లీటర్లు, ఇరవై లీటర్లు. డ్రైవరుకి అయిదొందలో వెయ్యో. జీతం చాలదు, బత్తా సరిగ్గా ఇవ్వరు, ఎవరికి నష్టం అనుకుంటాడు. అతని ఇబ్బంది నాకు తెలుసు. కానీ తమ్ముడూ, ఆ డాబావాడికి ఇప్పుడు మూడు సంగతులు తెలుసు. నీ బండి ఏ రోజు ఏ వేళకు వస్తుంది, నీ సీలు ఎలా దాటాలి, నువ్వు ఎంతకు నోరు మూసుకుంటావు. ఈ మూడింటినీ అతను ఇంకొకడికి అమ్మగలడు. కొన్నవాడికి ఇరవై లీటర్లు చాలకపోవచ్చు. అప్పుడు నువ్వు పోలీసులకు చెప్పలేవు. చెబితే ముందు నీ సంగతే బయటపడుతుంది.

అనుమానం గురించి కూడా ఒకటి చెప్పాలి. జాగ్రత్తగా ఉండమని చెప్పగానే మా గేటు దగ్గర కుర్రాళ్లు హిందీ మాట్లాడే ప్రతివాణ్ణీ ఆపి ప్రశ్నలేసేవాళ్లు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద చాలా బండ్లు తోలేది బీహారు, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లే. గడ్డం చూసి, టోపీ చూసి, భాష చూసి అనుమానపడితే రోజంతా తప్పుడు మనిషినే చూస్తూ ఉంటాం. మా యాసిడ్ దొంగ చక్కటి తెలుగు మాట్లాడాడు, నుదుటిన బొట్టు కూడా పెట్టుకున్నాడు. మా వాచ్‌మన్ చూసింది మనిషిని కాదు, బండి కాటా ఎక్కే తీరుని. లోడు పత్రంలో లేని చోట దించమనే ఫోను, ఒకే మోటారు సైకిలు రెండు టోల్‌గేట్లు దాటినా వెనకే రావడం, పత్రంలోని సీలు నంబరుకు బండి మీది సీలు నంబరు కుదరకపోవడం, వాల్వు బాక్సు తాళం మీద కొత్త గీతలు, పని లేకుండా లోడింగు బే ఫొటోలు తీసుకునే మనిషి. వీటికి కులం లేదు, భాష లేదు.

అలాంటిది కంటపడితే ఏం చేయాలి? వీరత్వం వద్దు. వెంటపడొద్దు, పట్టుకోవద్దు, వాల్వు మీద చెయ్యి వేసి నిలబడొద్దు. దీపాలున్న, మనుషులున్న చోటికి బండి తీసుకుపోయి 112కి ఫోన్ చేయండి. తర్వాత కంపెనీకి. ముందు మాత్రం కంపెనీకి కాదు. ఎందుకంటే అవతల ఫోన్ ఎత్తేది నాలాంటివాడే, ముందు కసురుతాడు. బండి నంబరు, సమయం, ఎక్కడ చూశారో ఒక కాగితం ముక్క మీద రాసిపెట్టుకోండి. మనిషి జ్ఞాపకం పోలీస్ స్టేషను మెట్లెక్కేలోగా సగం పోతుంది. ఇక టీ తాగి వచ్చాక బండి ఎక్కే ముందు ఒక చుట్టు తిరగండి. చక్రాలు తట్టి చూస్తారు కదా, అలాగే చాసిస్ కింద, వాల్వు బాక్సు దగ్గర, సీలు మీద చూపు వేయండి. రెండు నిమిషాలు. సీలు నంబరు నోటితో పైకి చదవండి, కళ్లు తప్పు చదివినా చెవి పట్టుకుంటుంది. ఇది నాకు ఒక పాత క్లీనరు నేర్పిన చిట్కా.

సమయం అయిపోతోందంటున్నారు స్టూడియోలో. మా వాచ్‌మన్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ నెల మేనేజరుగారు అతన్ని ఆఫీసుకు పిలిచి, అందరి ముందూ చప్పట్లు కొట్టించి, ఒక స్టీలు టిఫిను క్యారియరు, అయిదు వందల రూపాయలు ఇచ్చారు. అతను క్యారియరు తీసుకుని, "కాటా కాడ లైటు ఒకటి ఏయించండి బాబూ, నంబర్లు కనపట్టం లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. లైటు వేయడానికి ఏడు నెలలు పట్టింది. ఆ రాత్రి కాగితం మీద సంతకం ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, ఇవాళ్టి దాకా.

సెలవు.